ఫిజీ రేవులో పసుపు జెండా: పాఠకుల సందేహాలు, సమాధానాలు

న్యూజిలాండ్‌లో ఉంటున్న మన జిల్లాల పిల్లలు కొందరు సొంత యాట్‌లో (తెరచాప పడవలో) ఫిజీ వెళ్లాలనుకుంటున్నారట. వాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలే ఈసారి ఎక్కువ. విడివిడిగా అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం. మాల్దీవుల గురించి ఒకటి, వేట పడవ గురించి ఒకటి కూడా ఉన్నాయి.

ప్రశ్న: మా పెద్దబ్బాయి ఆక్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంకో ముగ్గురు స్నేహితులతో తెరచాప పడవ మీద ఫిజీ వెళ్తానంటున్నాడు. విమానంలో దిగితే పాస్‌పోర్టు మీద ముద్ర వేసేవాళ్లుంటారు. సముద్రం మీద వెళ్లేవాళ్లకి ఎవరు వేస్తారు? ఏ కాగితాలు ఉండాలి?
(ఒక తల్లి, అంబాజీపేట)

జవాబు: పడవలో వెళ్లినా ముద్ర తప్పదమ్మా. విమానాశ్రయంలో మనమే అధికారి ముందు నిలబడతాం. రేవులో అధికారులు పడవ దగ్గరికి వస్తారు. వాళ్లు వచ్చి, చూసి, సరేననేదాకా పడవలో ఉన్నవాళ్లు ఒడ్డున కాలు పెట్టకూడదు. ఒడ్డునున్నవాళ్లు పడవ ఎక్కకూడదు. పక్కన లంగరేసిన పడవవాళ్లు పలకరించి టీకి పిలిచినా వెళ్లకూడదు. అప్పటిదాకా పడవకు కుడివైపు తాడు మీద పసుపు జెండా ఎగరాలి. ‘మా పడవలో అందరూ ఆరోగ్యంగా ఉన్నాం, లోపలికి రావడానికి అనుమతి కావాలి’ అని ఆ జెండా చెబుతుంది.

పని మొదలయ్యేది న్యూజిలాండ్‌లోనే. పడవ అక్కడ రిజిస్టరై ఉంటే విదేశానికి బయల్దేరే ముందు క్యాట్ 1 అనే భద్రతా తనిఖీలో పాసవ్వాలి. లైఫ్ రాఫ్ట్, రేడియో, ప్రమాద సంకేతాలు పంపే పరికరం, తెరచాప కట్టే తీగలు అన్నీ చూస్తారు. దానికి కొన్ని వారాల ముందే తేదీ తీసుకోవాలి. ఆఖరి నిమిషంలో అడిగితే తనిఖీ చేసేవాళ్లు దొరకరు. ఆ తర్వాత న్యూజిలాండ్ కస్టమ్స్ ఇచ్చే క్లియరెన్స్ పత్రం తీసుకోవాలి. ఫిజీలో కస్టమ్స్‌వాళ్లు మొట్టమొదట అడిగేది ఈ పత్రమే. అది లేకుండా వెళ్తే పడవ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవడానికి ఆధారమే ఉండదు.

ఫిజీకి చేరడానికి కనీసం 48 గంటల ముందు సీ2సీ అనే ముందస్తు సమాచార ఫారం ఈమెయిల్‌లో పంపాలి. ఎప్పుడు, ఏ రేవుకు వస్తున్నారు, పడవలో ఎవరెవరున్నారు, ఇంతకుముందు ఏయే రేవుల్లో ఆగారు అన్న వివరాలు అందులో ఉంటాయి. న్యూజిలాండ్ ఉత్తరాన ఉన్న ఓపువా రేవు నుంచి ఫిజీకి సుమారు 1,100 నాటికల్ మైళ్లు. గాలి అనుకూలిస్తే ఎనిమిది, పది రోజులు. నడిసముద్రంలో ఈమెయిల్ పంపడానికి శాటిలైట్ కనెక్షన్ కావాలి. అది లేనివాళ్లు బయల్దేరే ముందే ఫారం పంపేసి, అందినట్టు వచ్చిన జవాబును కాగితం మీద ప్రింటు తీసుకుని దగ్గర పెట్టుకోవాలి. ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు. ఉప్పునీళ్లు తగిలి ఫోన్ పాడైతే అంతే.

ఇష్టమొచ్చిన చోట దిగడానికి కుదరదు. సువా, లౌటోకా, లెవుకా, సవుసవు, రొటూమా ప్రవేశ రేవులు. ముందుగా చెప్పుకుంటే నాండి దగ్గరున్న డెనరౌ, వుండా మరీనాలకు (యాట్‌లు కట్టేసుకునే చోట్లకు) కూడా అధికారులు వస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు మేము సవుసవు చెబుతాం. చిన్న ఊరు, రద్దీ తక్కువ, నాలుగు శాఖలవాళ్లూ పడవ దగ్గరికే వస్తారు. అక్కడి మరీనా ఒకప్పటి ఎండుకొబ్బరి గోదాము, ఇప్పటికీ పేరు కోప్రా షెడ్డే. అంబాజీపేటవాళ్లకి ఆ ఊరు కొత్తగా అనిపించదు.

వచ్చేది ఆరోగ్య శాఖ, బయోసెక్యూరిటీ (బయటి పురుగులు, తెగుళ్లు రాకుండా చూసేవాళ్లు), కస్టమ్స్, ఇమిగ్రేషన్. ఆరోగ్య శాఖ సరేనన్నాకే మిగతావాళ్లు పడవ ఎక్కుతారు. వాళ్ల ముందు పెట్టాల్సినవి: పాస్‌పోర్టులు, పడవ రిజిస్ట్రేషన్ పత్రం, న్యూజిలాండ్ క్లియరెన్స్ అసలు ప్రతి, సిబ్బంది జాబితా, ఆగిన రేవుల జాబితా, పడవలో ఉన్న మద్యం, సిగరెట్లు, మందులు, ఆహారం లెక్క. సిబ్బంది జాబితా ప్రతులు ఆరేడు ఉంచుకోవాలి. ఒక్కో శాఖకు ఒకటి పోగా, పక్క రేవుకు వెళ్లినప్పుడు మళ్లీ అడుగుతారు. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు ఉంటే డాక్టరు చీటీ అదే పెట్టెలో ఉండాలి. 10,000 ఫిజీ డాలర్ల విలువకు తగ్గకుండా నగదు ఉంటే, అది ఏ దేశపు నోట్లయినా, రాసివ్వాలి. తుపాకీ ఉంటే చెప్పి అప్పగించాలి, వెళ్లేటప్పుడు తిరిగిస్తారు.

గొడవలన్నీ ఎక్కడొస్తాయంటే, పది రోజులు నిద్రలేక అలసిపోయి వస్తూ దారిలో కనిపించిన దీవి పక్కన ఒక్క రాత్రి లంగరేద్దాం అనుకుంటారు. మనిషి దిగకపోయినా అది నేరమే. జరిమానా పడుతుంది. అలాంటప్పుడు రేవు బయట లోతు నీళ్లలో తెరచాపలు సర్ది, పడవను నెమ్మదింపజేసి తెల్లవారేదాకా ఆగాలి. రాత్రిపూట రేవులోకి వెళ్లకూడదనడానికి ఇంకో కారణం పగడపు దిబ్బలు. మ్యాపులో ఉన్నచోటికీ, అసలు దిబ్బ ఉన్నచోటికీ కొన్నిచోట్ల తేడా ఉంటుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే నీటి రంగు చూసి దిబ్బను పసిగట్టగలం. ఇక శుక్రవారం సాయంత్రం చేరడం కూడా మంచిది కాదు. సెలవు రోజుల్లో, పని గంటలు దాటాక అధికారులు వస్తే అదనపు రుసుము కట్టాలి. సోమవారం నుంచి గురువారం మధ్యలో, పొద్దున్నే చేరేలా లెక్కేసుకుని బయల్దేరమనండి.

మీ అబ్బాయిది భారత పాస్‌పోర్టే అయితే ఫిజీకి ముందుగా వీసా అక్కర్లేదు. రేవులోనే నాలుగు నెలల సందర్శక అనుమతి ఇస్తారు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుండాలి. చాలామంది మరిచిపోయేది తిరుగు ప్రయాణం సంగతి. న్యూజిలాండ్ వీసాలో మళ్లీ లోపలికి రావడానికి అనుమతి ఉందా, దాని గడువు ఎప్పటిదాకా అన్నది బయల్దేరకముందే చూసుకోవాలి.

ప్రశ్న: కొడుకూ కోడలూ పడవలో తింటారని ఆవకాయ, మామిడి తాండ్ర, పూతరేకులు, ఇంటి నెయ్యి, ఎండు రొయ్యలు, కరివేపాకు పంపుదామనుకుంటున్నాం. ఫిజీలో తీసేసుకుంటారా?
(ఆత్రేయపురం)

జవాబు: ఫిజీ సంగతి తర్వాత, ముందు న్యూజిలాండ్ దాటాలి కదా. అక్కడ ఆహారం రాసివ్వకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. పచ్చి కరివేపాకు ఆక్లాండ్ విమానాశ్రయం దాటదు. నెయ్యి అక్కడ కావలసినంత దొరుకుతుంది, ఇక్కడి నుంచి పంపడం దండగ. ఆవకాయ, తాండ్ర, పూతరేకులు పంపినా ప్రతిదీ ఫారంలో రాయించండి.

ఫిజీలో బయోసెక్యూరిటీ అధికారి ఫ్రిజ్ తెరుస్తారు, అలమార్లు తెరుస్తారు, కూర్చునే బల్లల కింద గూళ్లు కూడా చూస్తారు. పళ్లు, కూరగాయలు, గుడ్లు, మాంసం, పాల పదార్థాలు, తేనె, మొక్కలు, మట్టి, మొలకెత్తే గింజలు వాళ్లు పట్టుకునేవి. తేనె సీసా మూత తీయలేదన్నా ఒప్పుకోరు, దానివల్ల తేనెటీగల జబ్బులు వస్తాయని. తీసుకున్నవన్నీ సంచిలో కట్టి తీసుకెళ్లి తగలబెడతారు. మిగిలిన ఉల్లిపాయలు, బంగాళాదుంపలు కూడా అందులోకే పోతాయి కాబట్టి ఆఖరి రెండు రోజులూ అవే వండుకు తినేలా లెక్కేసుకోవాలి. వంటచెత్త ఊళ్లో చెత్తడబ్బాలో వేయకూడదు. విదేశీ చెత్త కాబట్టి మూతి కట్టిన సంచిలో ఉంచి వాళ్లకే అప్పగించాలి.

పచ్చళ్లు, పొడులు, బద్దలు చేసిన పప్పులతో ఇబ్బంది తక్కువ. మెంతులు, ధనియాలు, ఆవాలు, పెసలు లాంటి గింజలు మొలకెత్తుతాయి కాబట్టి వాటిని పొడి రూపంలో తీసుకెళ్లడమే మేలు. బియ్యం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సంచిలో ముక్కపురుగు కనబడిందంటే మొత్తం సంచీ పోతుంది. ఒక్కోసారి దాని పక్కనున్న పప్పుల సంచీ కూడా పోతుంది. బిగుతు మూత ఉన్న డబ్బాల్లో, రెండేసి కిలోల చొప్పున వేరువేరుగా పెట్టుకుంటే ఒకటి పోయినా మిగతావి నిలుస్తాయి. పూజకని తులసి మొక్క, దర్భలు, పిడకలు, పుట్టమన్ను పెట్టుకుంటే మాత్రం ఏదీ ఉంచరు.

ఇంత పట్టుదల ఎందుకని విసుక్కోకండి. కొబ్బరిచెట్టు మొవ్వు తొలిచే కొమ్ము పురుగు పసిఫిక్ దీవుల్లో అసలు ఉండేది కాదు. 1909లో సిలోన్ నుంచి తెచ్చిన రబ్బరు మొక్కల కుండీల్లో సమోవా చేరింది. అక్కడి నుంచి దీవి దీవికీ పాకి 1953లో ఫిజీలో దిగింది. పురుగుకు జబ్బు తెచ్చే వైరస్‌ను తోటల్లోకి వదిలాకే అది కొంత అదుపులోకి వచ్చింది. ఆ వైరస్‌కు లొంగని రకం ఒకటి 2007లో గువామ్‌లో బయటపడింది, 2015లో సోలమన్ దీవులకు చేరింది. ఫిజీవాళ్ల భయం ఇప్పుడు దాని గురించి. లౌటోకాలో 2009-10 ప్రాంతంలో బయటపడ్డ ఆసియా చెదపురుగు ఇళ్ల దూలాలే తినేసింది. అందుకే పడవలో చెక్క సామాను ఉంటే గోటితో గీరి మరీ చూస్తారు. తెల్లదోమ వచ్చాక కోనసీమ తోటలు ఎలా అయ్యాయో చూసినవాళ్లం మనం. ఆ ఉల్లిపాయ సంచి అడిగే అధికారిని శత్రువులా చూడొద్దు. అడగకముందే తీసి చూపించేవాళ్లకు పని అరగంటలో అయిపోతుంది. ఒక్కటి దాచి దొరికితే పడవంతా తిరగేస్తారు.

ప్రశ్న: యాట్ మీద పనికి ఫిజీ పంపిస్తామని ఒక ఏజెంటు మా తమ్ముణ్ని డబ్బు అడుగుతున్నాడు. విజిట్ మీద వెళ్లి అక్కడ పడవ ఎక్కాలంటున్నాడు. నమ్మొచ్చా?
(నరసాపురం)

జవాబు: నమ్మొద్దు. సందర్శక అనుమతి మీద జీతానికి పనిచేయకూడదు. ఓడ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు మన దేశంలో డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉండాలి. ఆ నంబరు అడగండి. డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లో ఆ పేరుందో లేదో మీరే చూడండి. నంబరు చెప్పడానికి తటపటాయించాడంటే అక్కడితో ఆపేయండి.

స్నేహితుల పడవలో జీతం లేకుండా తోడు వెళ్లడం వేరే సంగతి. ఫిజీకి విమానంలో వెళ్లి పడవ ఎక్కేవాళ్ల దగ్గర తిరుగు టికెట్ ఉండదు కాబట్టి ఎయిర్‌లైన్స్ వాళ్లు కౌంటరు దగ్గరే ఆపేస్తారు. పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ తేదీన ఏ దేశానికి బయల్దేరుతుందో రాసి కెప్టెన్ సంతకం చేసిన ఉత్తరం, పడవ పత్రాల నకలు చేతిలో ఉండాలి. పడవలో వచ్చి విమానంలో వెళ్లిపోయేవాళ్లు ముందు ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి సిబ్బంది జాబితా నుంచి పేరు తీయించుకోవాలి. పేరు తీయకుండా వెళ్లిపోతే ఆ మనిషికి కెప్టెన్ జవాబు చెప్పాలి, పడవకు క్లియరెన్స్ ఆగిపోతుంది.

ప్రశ్న: మనుషులకు నాలుగు నెలలే ఇస్తే పడవ సంగతేంటి? తుపాన్ల కాలంలో పడవ అక్కడే వదిలి రావచ్చా?
(రాజోలు)

జవాబు: మనిషి గడువు, పడవ గడువు వేరువేరు. మనిషికి నాలుగు నెలలు, ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. పడవను సుంకం లేకుండా 18 నెలలదాకా ఉంచుకోవచ్చు, అమ్మనంతకాలం, అద్దెకు తిప్పనంతకాలం. రెండు తేదీలూ ఒకే కాగితం మీద రాసి పడవలో అంటించుకోవడం మంచిది. మనిషి గడువు పొడిగించుకుని పడవ గడువు మరిచిపోయేవాళ్లున్నారు.

అక్కడ తుపాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఫిజీ మీద అంతే ఘోరంగా విరుచుకుపడింది. వుండా మరీనాలో ఇందుకోసమే గోతులు తవ్వి ఉంచారు. పడవ అడుగున దిగిన బరువైన కీల్‌ను గోతిలోకి దించుతారు. పడవ పొట్ట నేల మట్టానికి వచ్చి, చుట్టూ పేర్చిన పాత టైర్ల మీద ఆనుతుంది. గాలి ఎంత కొట్టినా పక్కకు పడిపోవడానికి ఎత్తే ఉండదు. ఆ గోతులు నెలల ముందే నిండిపోతాయి. పడవ వదిలి విమానంలో వచ్చేసేముందు కస్టమ్స్‌కు, ఇమిగ్రేషన్‌కు రాతపూర్వకంగా తెలపాలి. బీమా కంపెనీ తుపాను కాలంలో ఆ చోటును ఒప్పుకుంటుందో లేదో పాలసీ కాగితం తీసి చదవండి.

ప్రశ్న: ఒకసారి ముద్ర పడ్డాక దీవులన్నీ తిరగొచ్చా?
(అమలాపురం)

జవాబు: తిరగొచ్చు, చెప్పి తిరగాలి. ఒక రేవు పరిధి దాటి వెళ్లేటప్పుడు కస్టమ్స్ దగ్గర తీర క్లియరెన్స్ తీసుకోవాలి, పక్క రేవుకు చేరగానే వచ్చామని చెప్పాలి. ఊళ్లున్న దీవులకు వెళ్లడానికి ఇతౌకెయ్ (ఫిజీ మూలవాసుల) వ్యవహారాల శాఖవాళ్లిచ్చే క్రూజింగ్ పర్మిట్ వేరే ఉంటుంది.

కాగితాలకన్నా పెద్ద విషయం ఊరి మర్యాద. ఫిజీలో తీరం, దాని ముందున్న పగడపు దిబ్బ, అందులో చేప, ఆ ఊరివాళ్ల హక్కు. లంగరేయగానే ఈతకు దూకడం, గాలం వేయడం చేయకూడదు. ముందు ఊళ్లోకి వెళ్లి పెద్దను కలిసి యంగోనా (కావా పానీయం చేసే మొక్క) వేళ్ల కట్ట సమర్పించాలి. దీన్ని సెవుసెవు అంటారు. అరకిలో కట్ట చాలు. సవుసవు, లౌటోకా మార్కెట్లలో పాత న్యూస్‌పేపరులో చుట్టి తాడు కట్టి అమ్ముతారు. దీవుల్లో తిరిగేవాళ్లు ఊరికొకటి లెక్కన ముందే కొనుక్కోవాలి. టోపీ, నల్లకళ్లద్దాలు తీసేయాలి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మనవాళ్లకు లుంగీ అలవాటే కాబట్టి వాళ్లు కట్టే సులు ఇబ్బందనిపించదు. కట్టను ముందు నేలమీద పెట్టి కూర్చోవాలి, చేతికి ఇవ్వకూడదు. ఊరిపెద్ద ఆ కట్టను తాకి తీసుకుంటే మీరు ఆ ఊరి అతిథులు. ఆదివారం వెళ్లొద్దు, అది వాళ్లకు ప్రార్థన రోజు.

ప్రశ్న: మా వేట బోటు మీద శ్రీలంక దాకా సరదాగా వెళ్లి రావచ్చా?
(ఉప్పాడ)

జవాబు: వద్దు. వేట పడవగా రిజిస్టరైన బోటు ఎక్కడికెళ్లినా వేట పడవే. వలలు ఇంట్లో పెట్టి వెళ్లినా, సముద్ర సరిహద్దు దాటితే చేపల దొంగతనానికి వచ్చిన విదేశీ పడవ కిందే లెక్కగడతారు. బోటు పోతుంది, మనుషులు జైలుకెళ్తారు.

ప్రశ్న: మాల్దీవులకు వెళ్లే యాట్‌లో చిన్న వినాయకుడి విగ్రహం పెట్టుకోవచ్చా?
(యానాం)

జవాబు: పెట్టుకోకండి. పూజా విగ్రహాలు, మద్యం, పంది మాంసం, కుక్కలు మాల్దీవులలోకి తేకూడదు. పడవలో మద్యం ఉంటే వెంటనే రాసివ్వాలి. అక్కడ ఏజెంటు ద్వారానే ప్రవేశ కాగితాలు నడుస్తాయి కాబట్టి, బయల్దేరే ముందే పడవలోని సామాను జాబితా ఆయనకు పంపించండి.

ప్రశ్న: మా ముత్తాత అన్నగారు ఫిజీ చెరకు తోటలకు వెళ్లారట. మేనల్లుడు పడవలో సువా వెళ్తున్నాడు. ఆచూకీ వెతకవచ్చా?
(రామచంద్రపురం)

జవాబు: వెతకవచ్చు. 1879 నుంచి 1916 దాకా సుమారు 60 వేలమందిని ఒప్పంద కూలీలుగా ఫిజీ తీసుకెళ్లారు. మద్రాసు రేవు నుంచి ఓడలు వెళ్లడం 1903లో మొదలైంది. ప్రతి మనిషికీ రాసిన ఎమిగ్రేషన్ పాసు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, కులం, ఒంటిమీది గుర్తు, ఓడ పేరు అందులో రాశారు. గుమాస్తా చెవికి వినబడ్డట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు కాబట్టి ఊరి పేరును నాలుగైదు రకాలుగా రాసి వెతకాలి. వెళ్లిన సంవత్సరం, ఓడ పేరు, ఈ రెండిట్లో ఒకటి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకుని పంపండి. ఫిజీ తెలుగువాళ్లకు 1941 నుంచి సొంత సంఘం ఉంది, దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం. అక్కడి వృద్ధులకు కుటుంబాల బంధుత్వాలు నోటికి ఉంటాయి, ఆర్కైవ్స్‌కన్నా ముందు వాళ్లను కలవమనండి.

ప్రశ్న: తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇంత తతంగం ఉంటుందా?
(అంబాజీపేట తల్లే మళ్లీ అడిగారు)

జవాబు: ఉంటుందమ్మా, కాస్త తక్కువ. ఫిజీలోకి వచ్చినప్పుడు కట్టాల్సిన ఆరోగ్య, బయోసెక్యూరిటీ రుసుముల రసీదులు చూపిస్తేనే కస్టమ్స్‌వాళ్లు వెళ్లేందుకు క్లియరెన్స్ ఇస్తారు. ఇచ్చిన 24 గంటల్లోపు ఫిజీ నీళ్లు వదలాలి. వాతావరణం చూసుకోకుండా క్లియరెన్స్ తీసుకుంటే ఎదురుగాలిలో బయల్దేరాల్సి వస్తుంది. రేపటి గాలి ఖాయమయ్యాకే ఆఫీసుకు వెళ్లాలి.

న్యూజిలాండ్‌కు కూడా 48 గంటల ముందు సమాచారం పంపాలి. 2018 మే నుంచి అక్కడ పడవ అడుగు శుభ్రంగా ఉండాలన్న నిబంధన ఉంది. చేరడానికి ముందు 30 రోజుల లోపు అడుగున నాచు, గుల్లలు గీకించి, చుక్కాని సందులు, ప్రొపెల్లర్, నీళ్లు లాగే తూముల చుట్టూ ఫొటోలు తీసి, రసీదుతో కలిపి ఉంచుకోవాలి. ఎక్కువమంది పైపైన పొట్ట గీకించి, చుక్కాని వెనక వేలు పట్టనంత సందు వదిలేస్తారు. అధికారి టార్చి వేసి ముందు చూసేది అక్కడే. గుల్లలు కనబడితే అప్పటికప్పుడు పడవను నీళ్లలోంచి పైకి తీయించి మన ఖర్చుతో గీకిస్తారు.